పావు పోస్టు పట్టని గడి

నారిన్ అనే కొండ పట్టణంలో, జిల్లా ఆఫీసు గణాంకాల గదిలో బుబుసారాకు ఇరవై రెండేళ్లు గడిచాయి. ఇన్నేళ్లూ ఆవిడ చేసింది ఒకటే పని, జిల్లా మొత్తాన్ని ఒక్క కాగితంలో ఇరికించడం. ఏ డైరెక్టరు వచ్చినా రెండో కాగితం తిప్పి చూసిన పాపాన పోలేదు. అందుకని ప్రోగ్రాములో ఒక్కో నిలువు వరస వెడల్పూ కోస్తూ వచ్చింది. ఊరి పేరుకు ఇరవై అక్షరాలు, జనాభాకు ఐదు అంకెలు, నర్సు పోస్టులకు ఒకే ఒక్క అంకె. మొత్తం చూపే వరసను కూడా చోటు కోసమే తీసేసింది. లోపల అసలు లెక్క భద్రంగానే ఉంటుంది, పైకి కనిపించేది మాత్రం గడిలో పట్టినంతే. ఆ తేడా ఆవిడకు తెలుసు. మిగతా వాళ్లకు కాగితమే లోకం.

మార్చిలో, మంచు కరిగి బురదయ్యే రోజుల్లో, అనార్‌కాన్ అనే నర్సు వచ్చింది. ఎండబెట్టిన పెరుగు ఉండల పొట్లం బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది. అందరిలాగే తనూ బుబుసారాను ఎజె అనే, అంటే అక్కా అనే, పిలుస్తుంది.

"ఎజె, నన్ను తీసేస్తున్నారు. మా నాలుగూళ్లలో నర్సే లేదట, పోస్టులు రద్దట. మరి ఇన్నాళ్లూ గుర్రమెక్కి తిరిగి సూదులేసింది ఎవరు, మా అత్తగారా?"

"ఎవరే అన్నది?"

"మీ కాగితమే. నాలుగూళ్ల ఎదురుగానూ సున్నాలు పెట్టారు కదా."

బుబుసారా అసలు లెక్క తెరిచింది. ఊరికి 0.25 చొప్పున ఉంది. ఒక్క ఉద్యోగాన్ని ముక్కలు చేసి ఊళ్లకు పంచడం అక్కడ మామూలే. నాలుగు పావులు కలిస్తే అనార్‌కాన్. కానీ ఒక్క అంకె గడిలో పావు సున్నాగానే కనిపిస్తుంది. బుబుసారాకు సిగ్గేసింది, అంతకు మించి నీరసం వచ్చింది.

గడి వెడల్పు నాలుగు చేసింది. చివరనున్న నర్సుల వరస పట్టక, రెండో కాగితానికి పాకింది. అది పట్టుకుని డైరెక్టరు తాలాంత్ దగ్గరికి వెళ్లింది.

"సంతకమైపోయిన పట్టిక ఎజె ఇది. మార్చాలంటే తప్పెవరిదో సంజాయిషీ రాయాలి. పింఛను వయసు దాటాక మీ ఉద్యోగానికి ఏటా ఇచ్చే గడువు పొడిగింపు కూడా ఈ వారమే పైకి వెళ్తోంది. ఈ వయసులో మీకెందుకు చెప్పండి ఈ తలనొప్పి?"

"తప్పు నాదే కదా."

"అది నాకు తెలీదా? రాయొద్దనే చెప్తున్నా."

తిరిగొచ్చేసరికి అనార్‌కాన్ కుర్చీలోనే నిద్రపోతోంది. బుబుసారాకు వచ్చే పింఛనుతో కొనే బొగ్గు సగం చలికాలానికే సరిపోతుంది. ఈ పని పోతే ఎలాగో ఆవిడకు నిజంగా తెలియదు, భయంగానే ఉంది. అయినా కాగితం దగ్గరికి లాక్కుంది.

సంజాయిషీలో ముందు పేరు, హోదా, ఎంత పోస్టో రాయాలి. పింఛను వయసు దాటినవాళ్లకు ఆఫీసు ఇచ్చేది పావు పోస్టే. 0.25 అని రాసి, కలం ఆపింది. ఆఫీసు సిబ్బంది పట్టిక కూడా తన ప్రోగ్రామే, అదే ఒక్క అంకె గడి. ఐదేళ్లుగా అందులో తన పేరు ఎదురుగా సున్నా ఉంది. ఎవరూ అడగలేదు. తనూ చూసుకోలేదు.

మిగతాది గబగబా రాసి సంతకం పెట్టి, అనార్‌కాన్ భుజం తట్టింది.

"లేమ్మా. ఇదిగో సంజాయిషీ, ఇవిగో కొత్త పట్టిక రెండు కాగితాలు. వాళ్లు పట్టికలో మొదటిదొక్కటే చాలంటారు, రెండోది కూడా చదివించు. నువ్వున్నది అందులోనే."