అమ్మవారికి మొక్కిన కోడిపిల్ల

నటేశన్ నగర్లో మా ఇంటి మేడ మీద అత్త కోడిని పొదగేసింది. పిల్లలు దిగిన పొద్దున అన్నీ గంప కింద కిచకిచలాడుతుంటే ఒకటి మాత్రం లేవలేకపోయింది. కాళ్ళు రెండూ చెరో పక్కకి జారిపోయి, పొట్ట నేలకానించి పడి ఉంది. ఇంకోదానికి వెనక రెట్ట అంటుకుని గట్టిపడింది. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో తుడిస్తే సరిపోయింది. ఈ కాళ్ళు జారినదానికి మాత్రం ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను. గంప కింద పరిచిన న్యూస్‌పేపరు నున్నగా ఉండి కాళ్ళు నిలవడం లేదట. పేపరు తీసేసి గరుకు గుడ్డ పరచమన్నాడు. రెండు కాళ్ళనీ మెత్తటి పట్టీతో దగ్గరికి కట్టి కొన్నాళ్ళు ఉంచమన్నాడు. నా పాత నూలుచీర అంచు చించి కట్టాను.

ఈలోగా అత్త తన వైద్యం తాను చేసింది. విల్లియనూరు వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. డాక్టరు ఏం చెప్పినా, మొక్కు లేనిదే ఏ జబ్బూ పోదని ఆమె నమ్మకం. పిల్ల చుట్టూ కర్పూరం తిప్పి, ఇది లేచి నడిస్తే అమ్మవారి జాతర్లు జరిగే ఆడి నెలలో దీన్నే అమ్మవారికి ఇస్తానని మొక్కేసింది. నాకు ఒళ్ళు మండింది. బతికితే కోస్తానని మొక్కడం ఏం మొక్కని అడిగాను. మొక్కు మొక్కే అంది.

దాన్ని బాగుచేస్తున్న కొద్దీ గుడికి దగ్గర చేస్తున్నానని నాకు తెలుసు. అలాగని పాకుతూ వదిలెయ్యడానికి మనసొప్పలేదు. చేతిలోకి తీసుకుని నూకలు తినిపించాను, ముక్కు నీళ్ళకి తాకించాను. పట్టీ విప్పిన రోజు అది తూలుకుంటూ తల్లి దగ్గరికి నడిచింది. సంతోషమూ ఏడుపూ కలిసే వచ్చాయి నాకు.

పెరిగి పుంజయింది. అత్త టిఫిన్ తింటుంటే పక్కనే నిలబడేది. ఆమె దాన్ని తిడుతూనే ఇడ్లీ తుంచి పెట్టేది.

ఆడి నెల రానే వచ్చింది. పుంజును గుడికి తీసుకెళ్ళడానికి మరిది బండి మీద వచ్చాడు. ఆ చప్పుడుకి అది ఎగిరి పిట్టగోడెక్కింది. అత్త దాని కాళ్ళవైపు చూసింది. అవిటి కోడిని అమ్మవారికి ఇవ్వకూడదన్నది మా ఇళ్ళలో పద్ధతి.

"కాలు ఇంకా సరిగా లేదురా. ఊనం ఉండేదాన్ని అమ్మకు యాడ ఇచ్చేది?" అంది.

గోడెక్కిన కోడికి ఊనమేమిటని మరిది నవ్వాడు. ఆమె నావైపు తిరిగింది.

"ఆ పట్టీ యాడ పెట్టినావు? తెచ్చి కట్టు."

తెచ్చాను. ఆమె పుంజును గోడ మీంచి దించి ఒళ్ళో పెట్టుకుంది, నేను ఒక కాలికి వదులుగా కట్టాను. ఆ ముసలామె మీద నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు. కింద వదిలితే, గుడ్డ కాలికి అడ్డం తగిలి అది నిజంగానే కుంటింది.

"చూస్తివా," అంది అత్త కొడుకుతో.

మరిది, అమ్మవారి కోసం అత్త గుచ్చి ఉంచిన నిమ్మకాయల మాల ఒక్కటే తీసుకుని గుడికి బయల్దేరాడు.