ఇత్తడి మూత

సోమవారం పొద్దున్న మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో జనరేటర్‌ని పది నిమిషాలు ఆడించి చూస్తారు. బెజవాడ పటమటలో మూడో అంతస్తు మాది. ఇడ్లీ రేకులు ఇంకా పొయ్యి మీద ఉండగానే కిందనుంచి డీజిల్ పొగ మెట్లెక్కి వచ్చి, ఎదురింటివాళ్ళ పోపు వాసనతో కలిసి, వంటింటి కిటికీలోంచి లోపలికి దూరుతుంది. అందరూ కిటికీలు మూసుకుంటారు. నేను గరిటె అక్కడ పడేసి కిందికి దిగుతాను. ఫిల్టర్ అడుగున నీళ్ళు వదిలావా, వదిలింది సీసాలో పట్టావా, ఆ సీసా ఏదీ అని వాచ్‌మన్‌ని నిలదీస్తాను. వెనకాల నన్ను 'జనరేటర్ మేడమ్' అంటారని తెలుసు. అననివ్వండి. ఆ వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, తొమ్మిదేళ్ళ పిల్లనై ఉయ్యూరులో రేకుల షెడ్డు ముందు నిలబడిపోతాను.

మా నాన్న వెంకటరత్నం ఆ ఊళ్ళో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో జనరేటర్ ఆపరేటరు. ఆసుపత్రి వెనక రెండు గదుల్లో నాన్న, అమ్మ, మామ్మ, నేను. గోడకవతల షెడ్డు, షెడ్డులో ఆకుపచ్చ రంగు ఇంజను. చలికాలంలో చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి వరసగా వెళ్తుంటే పిల్లలందరం వెనక పరిగెత్తి గడలు లాగేవాళ్ళం. ఎండాకాలం వేపచెట్టు నీడన తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, ముంజలు వేలితో పొడుచుకుని తింటూ నీళ్ళన్నీ గౌను మీద కార్చుకునేవాళ్ళం. కానీ కరెంటు పోయిందంటే నా ఆట అక్కడితో సరి. మిగతా పిల్లలు 'ఓ' అని అరిచేవాళ్ళు, నేను మాత్రం కదలకుండా నిలబడి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాన్ని. ఇరవై అనేలోగా ఆపరేషన్ థియేటర్లో దీపం వెలగాలి. అది ఎవరూ అడగకుండా నాన్న తనకి తాను పెట్టుకున్న నియమం. భోజనం మధ్యలో ఉన్నా ఎంగిలి చేత్తోనే పరిగెత్తేవాడు. పదిహేడు, పద్దెనిమిది అంటుండగా ఇంజను అందుకునేది, అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడేది కాదు.

ఆ ఇరవై అంకెల కోసం నాన్న వారమంతా ఆ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు. సోమవారం పొద్దున్నే స్నానం చేసి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, ముందు ఆయిల్ పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతురుకి పెట్టి చూసేవాడు. తర్వాత రేడియేటర్లో నీళ్ళు, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు, వేలితో నొక్కి బెల్టు బిగువు. గాలి ఫిల్టర్‌ని అరుగుకేసి తడితే మా వీధి దుమ్మంతా రాలేది. ఆఖర్న డీజిల్ ఫిల్టర్ కింద నట్టు వదులు చేసి గాజు సీసాలో కొంచెం పట్టి, నన్ను పిలిచి చూపించేవాడు. "చూడమ్మాయ్, నీళ్ళు డీజిల్ కంటే బరువు. అడుక్కి చేరి కూర్చుంటాయి. ఇంజనుకి నీళ్ళంటే విషం" అనేవాడు. ట్యాంకు ఇత్తడి మూత తిప్పి తీయడం, వెదురు పుల్ల పెట్టి డీజిల్ ఎంతుందో చూడడం కూడా నాకు ఆయనే నేర్పాడు. మూత చేతికివ్వగానే నేనెంత పెద్దదాన్నైపోయానో అనిపించేది.

ఆ ఏడు దసరాకి, నవమినాడు ఆయుధపూజ. బెజవాడలో అమ్మవారి కొండకి జనం బస్సుల్లో కిక్కిరిసి వెళ్తున్నారని చెప్పుకుంటున్నారు. మా ఇంట్లో మామ్మ తెల్లారకముందే చింతపండు పులుసు ఉడికించి పులిహోర కలిపింది, గారెలకి పప్పు రుబ్బింది, పురిటికని పామర్రు నుంచి వచ్చిన పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని బంతిపూలు గుచ్చింది. ఇంజను కడిగే పని నేను పట్టుబట్టి తీసుకున్నాను. నాన్న గాలి ఫిల్టర్‌కీ, వైర్లకీ ప్లాస్టిక్ కాగితాలు చుట్టి, "పైపైన తుడువు, చాలు" అని చెప్పి బజారుకెళ్ళాడు.

పైపైన తుడిస్తే నా ముచ్చట తీరుతుందా? ఇత్తడి మూత నల్లగా కనిపించింది. దేవుడి సామానుతోపాటు దాన్నీ చింతపండుతో తోమి తళతళలాడించాలనిపించింది. తీశాను. ట్యాంకు నోట్లో గుడ్డ కుక్కాను, అంత తెలివి ఉంది మరి. తర్వాత ఇంజనంతా సబ్బు పెట్టి రుద్ది, నాలుగు చెంబులు నీళ్ళు పోసి కడిగాను. మూత పెట్టబోతూ చూస్తే గుడ్డ తడిసి బరువుగా ఉంది. దాన్ని పిండి పక్కన పెట్టాను. ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. మూత మాత్రం బంగారంలా మెరిసింది, నాన్న చూసి మెచ్చుకున్నాడు కూడా.

పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టాక నాన్న ఇంజను తాళం అందుకుని ఒక్కసారి ఆడించి చూస్తానన్నాడు. చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆడించి చూడడం ఆయన అలవాటు. మామ్మ ఊరుకోలేదు. "పూజ చేసిన ఆయుధాన్ని ఇవాళ కదపకూడదురా, రేపు చూసుకో" అంది. నాన్న ఇంజను వంకా, వాళ్ళమ్మ వంకా చూసి తాళం జేబులో వేసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది, మరుక్షణంలోనే ఆ తడిగుడ్డ గుర్తొచ్చింది. ఆ గారెలు ఎన్ని తిన్నానో, అసలు తిన్నానో లేదో గుర్తులేదు.

మధ్యాహ్నం పిన్నికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ తప్పదన్నారు డాక్టరమ్మగారు. పిన్నిని లోపలికి తీసుకెళ్ళారు. పూజ సంగతి తర్వాత, ఒకసారి చూద్దామని నాన్న షెడ్డు తలుపు తీస్తుండగానే కరెంటు పోయింది. నేను లెక్క మొదలుపెట్టాను. పధ్నాలుగుకే ఇంజను అందుకుంది. మామ్మ దానికి దణ్ణం పెట్టింది. నేను లెక్క ఆపలేదు. తొంభై దాటాక శబ్దం తెగింది, మళ్ళీ అందుకుంది, దగ్గుతున్నట్టు నాలుగుసార్లు ఎగదన్ని ఆగిపోయింది.

నాన్న ఆయిల్ చూశాడు, బ్యాటరీ చూశాడు. ట్యాంకు నిండుగానే ఉంది. డీజిల్ లైన్లో గాలి పట్టిందనుకుని ఇంజను పక్కనున్న చేతిపంపు కొట్టాడు, స్టార్ట్ చేశాడు. దగ్గింది, ఆగింది. మళ్ళీ పంపు కొట్టాడు. సోమవారం తన చేత్తో చూసిన డీజిల్ మీద ఆయనకి అనుమానం ఎందుకొస్తుంది? థియేటర్ కిటికీలోంచి నర్సు, "వెంకటరత్నం గారూ, టార్చి వెలుగులో చేస్తున్నారండీ, తొందరగా!" అని అరిచింది. అమ్మ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నాకేమో చెబితే నాన్న ఏమంటాడో అని ఒక భయం. చెప్పకపోతే పిన్ని చచ్చిపోతుందని ఇంకో భయం. పిన్ని గుచ్చిన బంతిదండ ఇంజను మీద ఇంకా కొంచెం ఊగుతోంది.

"నాన్నా, మూత తీశాను. నీళ్ళు."

నాన్న తలెత్తాడు. "ఎన్ని?"

"తెలీదు. గుడ్డ తడిసింది."

నాన్న వెంటనే స్పానర్ పెట్టి ట్యాంకు అడుగునా, ఫిల్టర్ కిందా నట్లు వదిలాడు. ముందు నీళ్ళే వచ్చాయి, సబ్బు నురగతో సహా, కాళ్ళ మీదుగా పారాయి. అడుగు నీళ్ళన్నీ పోయి డీజిల్ వచ్చేదాకా వదిలి, బిగించి, పంపు కొట్టి, గాలి తీసి తాళం తిప్పాడు. ఈసారి అందుకున్న ఇంజను ఆగలేదు. అప్పటికి నా లెక్క ఎప్పుడో తప్పిపోయింది.

పిన్ని బతికింది, ఆడపిల్ల పుట్టింది. డాక్టరమ్మగారు చెమటతో తడిసిన బట్టలతో బయటికొచ్చి, "ఏమైంది వెంకటరత్నం?" అన్నారు. "డీజిల్లో నీళ్ళు చేరాయండీ. నేను చూసుకోలేదండీ" అన్నాడు నాన్న. నేను అక్కడే, ఆయన పక్కనే ఉన్నాను.

వారం తిరక్కుండా షెడ్డు తాళం ఇంకొకరికి ఇచ్చారు. నాన్నని ఓపీ చీట్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. జీతం అదే. కానీ సోమవారం పొద్దున్న వెనకనుంచి ఇంజను శబ్దం రాగానే ఆయన కలం కాగితం మీద ఆగిపోయేది. పది నిమిషాలు ఆడి ఆగేదాకా ముందున్న రోగి పేరు సగంలోనే ఉండేది. అది చూడలేక నేను అటు వెళ్ళడం మానేశాను.

ఆ నర్సింగ్ హోమ్ ఇప్పుడు లేదు, షెడ్డూ లేదు. చేతిపంపు, వెదురు పుల్ల, మేకుకి వేలాడే చొక్కా, ఏవీ లేవు. మా సెల్లార్లోది పెద్ద ఇనప్పెట్టెలో ఉంటుంది, కరెంటు పోతే ఎవరూ పరిగెత్తకుండా దానంతటదే స్టార్టవుతుంది. మొన్న మధ్యాహ్నం కరెంటు పోతే అలవాటుగా నోట్లోనే లెక్కపెట్టుకుంటున్నాను. మాతోనే ఉంటున్న నాన్న కుర్చీలోంచి "ఆరు" అన్నాడు, దీపాలు వెలగగానే. ఆయనా లెక్కపెడుతూనే ఉన్నాడన్నమాట, ఇన్నేళ్ళూ.

ఇక ఆగలేక అడిగేశాను. "ఆ రోజు డాక్టరమ్మగారికి నా పేరెందుకు చెప్పలేదు నాన్నా? నీ షెడ్డు నీకుండేది కదా."

నాన్న కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "నువ్వు తొమ్మిదేళ్ళ పిల్లవి. భయపడుతూనే చెప్పేశావు. ఆడించి చూడాలని నాకు తెలుసు, అయినా మా అమ్మ మాటకి తాళం జేబులో వేసుకున్నాను. నీ పేరెలా చెబుతానే?"

నాకు ఏడుపొచ్చింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి, కిందికెళ్ళి ఒకసారి చూసొద్దామా అన్నాను.

"ఏముందమ్మా చూడ్డానికి, అది పెట్టెలో ఉంది" అంటూనే చెప్పుల కోసం మంచం కిందికి వంగాడు.