తీర్పు చెప్పే ఎడమ చెంప

ల్యాబ్ అక్క ముఖంలో రెండు శాఖలుండేవి. ఎడమ చెంప ప్రయోగాలకు. కుడి చెంప పోల్చి చూసుకోవడానికి. దానికి సబ్బూ నీళ్లూ తప్ప మరేవీ తగలకూడదు. ముక్కు సరిహద్దు. ఆవిడ భర్త నాలుగేళ్లుగా కుడిపక్కనే కూర్చుని మాట్లాడేవాడు, ప్రయోగానికి తనవల్ల భంగం కలగకూడదని.

ఆవిడ హైస్కూలు కెమిస్ట్రీ ల్యాబులో ముప్ఫై ఒక్కేళ్లు అటెండరు. ఆ కాలంలో తొమ్మిదిమంది సైన్సు టీచర్లు వచ్చి వెళ్లారు. ప్రతి ఒక్కరూ ఆమ్లాన్ని నీళ్లలో కలపాలా, నీళ్లను ఆమ్లంలో కలపాలా అన్నది చివరికి ఆవిడనే అడిగి తెలుసుకున్నారని స్కూల్లో చెప్పుకునేవారు. రిటైరయ్యాక రెండేళ్లపాటు ఇంట్లో గ్లాసులు తోమి, వాటిని వెలుతురుకెత్తి పరీక్షగా చూస్తూ గడిపింది.

ఆ తరవాత ఒకరోజు, బ్యూటీ పార్లరు నడిపే చెల్లెలు ఫోనులో ప్రకటన చూసి ఏదో క్రీము తెప్పించింది. ఏడు రోజుల్లో ముఖం మూడింతలు మెరుస్తుందట. దేనికి మూడింతలని అక్క అడిగింది. చెల్లెలి దగ్గర జవాబు లేదు. డబ్బా మీద కూడా లేదు. ఆ సాయంత్రమే ఎడమ చెంప ఉద్యోగంలో చేరింది.

పద్ధతి కఠినమైనది. ఒక్కో సరుక్కి ఇరవై ఎనిమిది రోజులు. రోజూ కందిగింజంత. చివరి రోజు అదే అద్దం, అదే ట్యూబులైటు కింద రెండు చెంపలూ పోల్చి, ఎడమది తేటగా కనిపిస్తే పాస్, లేదంటే ఫెయిల్ అని రిజిస్టరులో ఎర్ర ఇంకుతో రాసేది. ఫోనులో మెరిసిన ముప్ఫై నాలుగు సరుకులు ఆ చెంప ముందుకొచ్చాయి. ఇరవై మూడు దద్దుర్లు తెప్పించి ఫెయిలయ్యాయి. పదకొండు పాసయ్యాయి. పాసైనవాటి మీద చెల్లెలు ‘అక్క పాస్ చేసింది’ అని చీటీలు అంటించి అద్దాల కింద అరలో పెట్టింది. వచ్చినవాళ్లు డబ్బా మీది సుందరి ముఖం చూడ్డం మానేసి చీటీ చూసి కొనడం మొదలెట్టారు.

పాసైనవాటిలో పదకొండోది మచ్చలు పోగొట్టే క్రీము. ఫోను తెరిస్తే చాలు అదే ప్రకటన. ఆ కంపెనీ వాళ్లకు ఈ చెంపల సంగతి ఎలాగో తెలిసింది. సగం ముఖం క్రీముతో, సగం ముఖం క్రీము లేకుండా ఉన్న మనిషి వాళ్లకి ఇంతకుముందు దొరకలేదు. శుక్రవారం వచ్చి వీడియో తీసుకుంటామనీ, అది బాగా వస్తే ఊరి మొత్తానికి ఏజెన్సీ చెల్లెలికే ఇస్తామనీ అన్నారు. ఇరవై ఏళ్లుగా వంగి నిలబడి ఐబ్రోస్ చేసి చేసి చెల్లెలి మెడ పట్టేసింది. ఏజెన్సీ వస్తే కుర్చీలో కూర్చుని బతకొచ్చు. గోడకు రంగు వేయించింది. పరదా మార్చింది.

గురువారం అక్కకు పెన్షను ఆఫీసు పని పడింది. తాను బతికే ఉన్నానని వాళ్లకు ఏటా రుజువు చేసుకోవాలి. అందుకు పాత గుర్తింపు కార్డు నకలు కావాలి. ఉద్యోగంలో చివరి ఏడాది ఇచ్చిన కార్డది, మొదటి క్రీముకు రెండేళ్ల ముందుది. అందులో ఆవిడ ముఖం ఎదురుగా, నిటారుగా ఉంది. ఎడమ చెంప తేటగా ఉంది. కుడి చెంప ఒక ఛాయ తక్కువగా ఉంది.

ఫొటోగ్రాఫరు లైటు సరిగా పెట్టలేదేమోనని కాసేపు ఆశపడింది. వీడ్కోలు సభనాటి గ్రూపు ఫొటో తీసి భూతద్దంతో చూసింది. అక్కడా అంతే. తరవాత వంటింట్లో కుళాయి ముందు నిలబడి, స్కూలు ల్యాబు సింకు ముందు ఎలా నిలబడేదో గుర్తు తెచ్చుకుంది. కుడిచేతి పక్క పడమటి కిటికీ. పరదా లేదు. ముప్ఫై ఒక్కేళ్ల మధ్యాహ్నపుటెండ. అంటే ఎడమ చెంప తెల్లబడలేదు. కుడి చెంప నల్లబడింది, అదీ ప్రభుత్వ ఉద్యోగంలో.

బ్యూరెట్‌లో మొదటి రీడింగు రాసుకోకుండా ప్రయోగం మొదలెట్టే పిల్లల్ని ఆవిడ ఉద్యోగం పొడుగునా తిట్టింది. రిజిస్టరు తెరిచి చూసింది. ముప్ఫై నాలుగు సరుకుల్లో ఒక్కదానికైనా మొదటిరోజు చెంపలెలా ఉన్నాయో రాయలేదు. రెండూ సమానమే అనుకుంది. ఎవరి ముఖం మీద వాళ్లకి ఆమాత్రం నమ్మకం ఉంటుంది. దద్దుర్లు దద్దుర్లే కాబట్టి ఫెయిళ్లు నిలబడతాయి. పాసులు పదకొండూ కొట్టివేయదగ్గవే.

కార్డు పట్టుకుని పార్లరుకు వెళ్లింది. కుర్చీలో ఉన్నావిడ లేచి వెళ్లేదాకా ఆగి, చెల్లెలి చేతిలో పెట్టింది.

"బాగానే ఉన్నావే ఇందులో," అంది చెల్లెలు.

"క్రీములు రాయకముందుది. ఎడమ పక్క చూడు."

చెల్లెలు చూసింది. కార్డు దూరంగా పట్టుకుని మళ్లీ చూసింది. ఆవిడ పనే ముఖాలు చూడ్డం కాబట్టి సంగతి వెంటనే అర్థమైంది.

"ఈ క్రీము హాని ఏమైనా చేసిందా?"

"లేదు. ఏమీ చెయ్యలేదు. మిగతా పదీ అంతే."

"మరింకేం. రేపొక్క పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవే తల్లీ. నిన్నేమైనా మాట్లాడమన్నారా? చెంపలు చూపించమన్నారు."

"అబద్ధమాడేది చెంపలే కదే."

చెల్లెలు దారం చుట్ట సర్దుకుంటూ, తను మెడ ఎత్తి పైకప్పు చూసి రెండేళ్లయిందని మాత్రం చెప్పింది.  అక్క చాలాసేపు ఆ మెడ నొక్కి, ఇంటికి వెళ్లింది.

శుక్రవారం కంపెనీ మనిషి గుండ్రటి లైటు తెచ్చి నిలబెట్టాడు. ఎడమకు తిరగమన్నాడు, కుడికి తిరగమన్నాడు. ఆవిడ తిరిగింది. ఎదురుగా చూడమన్నప్పుడు కార్డును చెంప పక్కన పెట్టుకుని, దాని మీది తేదీ చదివి, కిటికీ సంగతీ మొదటి రీడింగు సంగతీ పాఠం చెప్పినట్టు చెప్పింది. కార్డు మీద లైటు పడి మెరుస్తోందని, కిందికి దించమని అతను మర్యాదగా అడిగాడు. దించలేదు. అతను బయటికెళ్లి ఫోను మాట్లాడి వచ్చి లైటు మడిచాడు. కంపెనీవాళ్లు వేరే ముఖం చూసుకుంటారట.

అతను వెళ్లాక అక్క అర దగ్గరకెళ్లి చీటీలు గోటితో గీకడం మొదలెట్టింది. జిగురు మంచి రకం, ఊడలేదు. చెల్లెలు నెయిల్ పాలిష్ తుడిచే మందు సీసా, దూది తెచ్చి అక్క ముందు పెట్టింది. తనూ ఒక డబ్బా తీసుకుంది.

"వాళ్లకేం, వేరే ముఖం గంటలో దొరుకుతుంది," అంది తుడుస్తూ. "వేరే అక్క దొరకనిది నాకే."

ఏడో చీటీ ఊడుతుండగా ఒకావిడ లోపలికి వచ్చింది. వీటిలో మచ్చలకి ఏది మంచిదని అడిగింది. చెల్లెలు అక్క వంక చూసింది.

"తెలియదండీ," అంది అక్క.

"తెలియదట," అని చెల్లెలు కుర్చీ దులిపింది. "కూర్చోండి, ఐబ్రోస్ చేస్తాను."

ఆవిడ కూర్చుంది. చెల్లెలు దారం పళ్ల మధ్య బిగించి వంగింది.