గోల్కొండ ఆవిరి ఏనుగు కోసం చాణక్యపురి దాకా

ఒక నవల చదివి ముగించి, దాని గురించి మాట్లాడదామంటే ఊళ్ళో ఒక్క మనిషీ దొరకని బాధ మీకెప్పుడైనా ఎదురైందా? నాకు రెండు నెలలుగా అదే పరిస్థితి. నవల పేరు ‘ఆవిరి గోల్కొండ’. దీన్ని స్టీమ్‌పంక్ అంటారు. అంటే లోకమంతా ఆవిరి యంత్రాలతోనే నడిచే కథ, చరిత్ర కూడా జరిగినట్టు కాకుండా మరోలా జరుగుతుంది. ఇందులో గోల్కొండ ఔరంగజేబుకు లొంగదు. అక్కడి కమ్మరులు, ఒక కమ్మరామె ముందుండి నడిపిస్తే, ఆవిరితో నడిచే ఇనప ఏనుగుల్ని చేసి కోటను కాపాడుకుంటారు. ఇంత కథా ఊపిరి బిగబట్టి చెబితే ఆఫీసులో పక్క సీటాయన “సిరీస్ వస్తుందిలెండి, అప్పుడు చూస్తా” అన్నాడు. కడుపు మండిపోయింది. ఇక మిగిలింది మా పిన్ని కూతురు సింధు. కొత్తగూడెంలో ఉన్నప్పుడు పల్లీల పొట్లం కాగితం కూడా వదలకుండా చదివిన పిల్ల. ఇప్పుడు ఇక్కడే ఢిల్లీలో, మునిర్కాలో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. నవల చేతిలో పెడితే అట్ట కూడా తిప్పలేదు.

“నాకొద్దక్కా. గోల్కొండ 1687ల పడిపోయిందని ఎంత కష్టపడి గుర్తువెట్టుకున్ననో! ఇది చదివితే ఎగ్జామ్‌ల పడలేదని పెట్టి వస్త,” అంది.

జరగని కథకి ఇంత భయపడే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆవిరి ఇంజన్‌ని కళ్ళారా చూస్తేనైనా మనసు మారుతుందేమోనని, పోయిన ఆదివారం చాణక్యపురిలోని రైలు మ్యూజియానికి బలవంతాన బయల్దేరదీశాను.

మీరూ వెళ్ళేట్టయితే దారి తేలికే. మా సాకేత్‌లో మెట్రో యెల్లో లైన్ ఎక్కి, హౌజ్ ఖాస్‌లో మెజెంటా లైన్‌కి మారి మునిర్కాలో దిగాను. అరగంట చాలు. కష్టమంతా ఆ తర్వాతే. పదింటికి సిద్ధంగా ఉంటానన్న సింధు, పేపర్లో సంపాదకీయం పూర్తయ్యేదాకా మంచం దిగలేదు. ఎండ ముదిరాక ఆటో కోసం రోడ్డెక్కాం. మీటర్ వెయ్యమంటే “మీటర్ ఖరాబ్ హై దీదీ, డేఢ్ సౌ” అని నూట యాభై అడిగాడు డ్రైవర్. నేను బేరమాడుతుంటే సింధు పక్కన నిలబడి ఫోన్లో కరెంట్ అఫైర్స్ చూసుకుంటోంది. చివరికి నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. ఆదివారం కాబట్టి మ్యూజియం టికెట్ మనిషికి వంద, బొమ్మరైలుకి వేరే కొనాలి.

లోపల అంత ఇంజన్ ఎదురుగా ఉంటే మా పిల్ల బోర్డు తప్ప ఇంకేం చూడదు. గేజ్ కొలతలన్నీ ఫోన్లోకి ఎక్కిస్తోంది. “ప్రిలిమ్స్‌ల రావచ్చక్కా.” నా ప్రాణం విసిగిపోయింది. పటియాలా సంస్థానపు మోనోరైలు దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆ బండికి ఒకే పట్టా, పక్కకి పడిపోకుండా రోడ్డు మీద దొర్లే పెద్ద చక్రం.

“ఇది నీ నవల్లదా?” అంది.

“నవల కాదే, నిజంగ నడిచిన బండి!”

బోర్డు మళ్ళీ చదివింది. ఇదే సందని సంచిలోంచి నవల తీసి చేతిలో పెట్టి, టీ కోసం క్యాంటీన్ వరసలో నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి బెంచీ మీద కూర్చుని చదువుతోంది, మొహం చిట్లించుకుని.

“అక్కా, ఇంత పెద్ద ఏనుగుకు బొగ్గు యాడికెళ్లి తెచ్చిన్రు?”

“కట్టెలన్న వాడిన్రేమో. కథ అది!”

“కట్టెలతోని ఇనప ఏనుగు కోట గోడెక్కుతదా? మా నాయన బొగ్గుబాయిల పనిచేసిండు, నాకు చెప్పకు. బొగ్గంత మా దిక్కుంది, అప్పటికి తవ్వనే లేదు.”

“ముందు చదువు, తర్వాత తిట్టు తల్లీ!”

బొమ్మరైల్లో పిల్లలంతా కేకలు పెడుతుంటే సింధు పుస్తకంలోంచి తలెత్తలేదు. తిరుగు ఆటోలో మళ్ళీ మొదలు. ఎండాకాలం మూసీ ఎండిపోతే ఆ ఏనుగు కడుపులోకి నీళ్ళెక్కడివట? నేనూ గొంతు పెంచాను. డ్రైవర్ అద్దంలోంచి మమ్మల్ని చూసి “దీదీ, కిస్ బాత్ కా ఝగడా హై?” అని గొడవ దేనికో అడిగాడు. “హాథీ కా,” అంది సింధు, ఏనుగు గురించని. పాపం, అతను అద్దాన్ని పక్కకి తిప్పేసుకున్నాడు.

గురువారం నేను అన్నానికి కూర్చుంటుండగా ఫోన్ చేసింది. “చదివేసిన. ఆఖరి అధ్యాయం శుద్ధ దండగ. ఆ కమ్మరామె ఢిల్లీకి ఎందుకు లొంగాలె?” నాకు ఒళ్ళు మండింది. ఆవిడ లొంగనే లేదు, లొంగినట్టు నటించింది! గంటసేపు అరుచుకున్నాం. ఈ మహానగరంలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను. అద్దె గురించి అరిచాను, ట్రాఫిక్ గురించి అరిచాను. ఒక పుస్తకం గురించి తెలుగులో నాతో ఇలా అరిచిన మనిషి ఇంతవరకు లేదు. ఫోన్ పెట్టేసరికి గొంతు బొంగురుపోయింది, అన్నం చల్లారిపోయింది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. సింధుకి మాత్రం నవల నచ్చలేదు.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకి నా సలహా ఒక్కటే: బయల్దేరేముందు నవల రెండు కాపీలు కొనండి. ఆవిడ లొంగలేదని తేల్చే పేరా ఏ పేజీలో ఉందో నాకు బాగా తెలుసు. ఉన్న ఒక్క పుస్తకమూ సింధు దగ్గరుంది, ఆ పేజీ తియ్యమంటే తియ్యనంటోంది.