ఆరాం అనే మాట

1984లో నేను జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు పక్కన ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సుగా పనిచేసేదాన్ని. మగవాళ్ల వార్డు నాది. లారీలు తిరిగే రోడ్డు కాబట్టి విరిగిన కాళ్లు, చేతులు మాకు కొత్త కాదు.

మాణికప్పది న్యాల్‌కల్ వైపు ఊరు. చిరాగ్‌పల్లి దగ్గర లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్. పైనుంచి జారిపడి మోకాలి కింద ఎముక విరిగింది. డాక్టరుగారు ఎముకను సరిగ్గా కూర్చి తొడ దాకా ప్లాస్టర్ వేశారు. చాలామంది ప్లాస్టరే ఎముకను అతికిస్తుందనుకుంటారు. అది కదలకుండా పట్టుకుంటుంది, అంతే. విరిగినచోట కాలస్ అని కొత్త ఎముక మెల్లగా ఊరాలి. మొదట్లో అది మెత్తగా ఉంటుంది, బరువు పడితే వంగిపోతుంది. నొప్పి మాత్రం అంతకు చాలా ముందే పోతుంది. మా తిప్పలన్నీ అక్కడే.

సాయంత్రాలు అతని తోటి పనివాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లలో గౌస్ అని ఒకతను. అతని అన్న ఓడల్లో పనిచేసేవాడు. ఎక్కడినుంచో ఒక ఇంగ్లీషు ఆట తెచ్చిచ్చాడు. ఒక్కొక్కరు ఒక్కో సర్దారు అవుతారు. గౌస్ కథ నడుపుతాడు. వీళ్లు కోటగోడ ఎక్కుతున్నామనీ, కత్తి దూశామనీ మాటలతోనే ఆడతారు. ఏమైందో పాచిక చెబుతుంది. ప్రతి సర్దారుకూ కొన్ని ప్రాణాలుంటాయి. దెబ్బ తగిలితే తగ్గుతాయి, ఒక రాత్రి నిద్రపోతే అన్నీ తిరిగొస్తాయి. పుస్తకంలో 'రెస్ట్' అని ఉన్నదాన్ని గౌస్ 'ఆరాం' అని మార్చాడు. మా వైపు నడుం వాల్చడమూ ఆరామే, రోగం నయం కావడమూ ఆరామే.

మాణికప్ప సర్దారుకు కాలు తెగిందనీ, తెల్లారేసరికి లేచి కోట ఎక్కాడనీ విన్న రోజు నాకు ఒళ్లు మండింది.

"కాలు తెగినోడు పొద్దుగాల్ల గోడెట్ల ఎక్కుతడయ్యా? పక్కన ప్లాస్టర్ కనవడుత లేదా?" అన్నాను.

గౌస్ నవ్వాడు. "నిజం లెక్కనే ఆడితె ఆట నడుస్తదా సిస్టర్? మూడు నెలలు సర్దార్ మంచంల పంటడు. మేం చాయ్ తాగుకుంట కూసోవాల్నా?"

నేను పట్టు విడవలేదు. మర్నాడు నా మాట ప్రకారమే ఆడారు. మాణికప్ప సర్దారు పడుకున్నాడు, మిగతావాళ్లు కోట మీదికి పోయారు. తన వంతు రాక మాణికప్ప కాసేపు పాచికలు దొర్లిస్తూ కూర్చున్నాడు.

"ఆటల గూడ మంచమేనా సిస్టర్?" అన్నాడు చివరికి. పాత పద్ధతిలోనే ఆడుకోమన్నాను.

తర్వాత వారం షెడ్డు యజమాని వచ్చాడు. ఆర్డర్లు ఆగిపోయాయట.

"నొప్పున్నదా మాణిక్?"

"లేదు సేఠ్."

"ఇన్ని దినాలు ఆరాం చేసినవ్ గద. ఇంకేంది మరి? నువ్వు రాకుంటె ఇంకోణ్ని పెట్టుకోవాల్సొస్తది."

"ఆరాం అయ్యేదాక కాలు కింద పెట్టొద్దని డాక్టర్ సాబ్ చెప్పిన్రు," అన్నాను గట్టిగా. ఆయన నావైపు చూడనైనా లేదు. మర్నాడు డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉండగా షెడ్డు జీపు వచ్చింది. ఎంత చెప్పినా వినకుండా మాణికప్ప అందులో ఎక్కి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు అతను తిరిగొచ్చేసరికి కాలికి ప్లాస్టర్ లేదు. పనికి అడ్డమొస్తోందని షెడ్డులోనే కోసేశారు. మోకాలి కింద కాలు పక్కకు వంగిపోయి ఉంది. సగం అతికిన ఎముకను డాక్టరుగారు మళ్లీ విరిచి కూర్చాల్సి వచ్చింది.

"ఎందుకు పోయినవయ్యా?" అని అరిచాను.

"ఆరాం అయ్యేదాక అని మీరే అంటిరి గద సిస్టర్. మంచిగ ఆరాం చేసిననని పోయిన," అన్నాడు.

నేనన్నది నయం కావడం, అతను విన్నది నడుం వాల్చడం. పని పోతుందని భయపెట్టి లేపినవాడి మీదికి మళ్లింది నా కోపమంతా. నాలుగు రోజులకు, సాయంత్రం ఆట నడుస్తుండగా, ఆ సేఠ్ బత్తాయిలు పట్టుకుని మళ్లీ దిగాడు.

"ఈసారి ఎన్ని దినాలల్ల ఆరాం అయితది సిస్టర్?"

గౌస్ ముందున్న పాచిక తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఎయ్యండి సేఠ్. ఆరు పడితె ఇప్పుడే లేపి తోల్కపోండి."

"ఇవేం మాటలు?"

"మీ మాటలే. షెడ్డుల మీరు ఆడింది గీ ఆటనే. కాలు మాత్రం మాణికప్పది."

ఆయన పాచికను మంచం మీద పడేసి వెళ్లిపోయాడు. పెద్ద డాక్టరుగారితో నామీద చెప్పాడు కూడా. చీవాట్లు తిన్నాను. దానికి నాకేం బాధ లేదు.

మాణికప్ప కాలు అతికింది కానీ కొంచెం పొట్టిదైపోయింది. లారీల మీదికెక్కే పని అతనికి మళ్లీ దొరకలేదు. ఊళ్లో కూర్చుని గేట్లు వెల్డింగ్ చేసుకున్నాడు. వార్డులో ఉన్న చివరి సాయంత్రం మాత్రం అతని సర్దారు రెండు కాళ్లతోనూ కోట ఎక్కాడు, నేనూ పక్కన నిలబడి చూశాను. ఆటలో ఒక్క రాత్రికే నయమైతే ఎవరికీ నష్టం లేదు. అక్కడ లెమ్మనేవాడూ లేచేవాడూ ఒక్కడే.

ఆ తర్వాత నా సర్వీసంతా వార్డులో ఆరాం అనే మాట వాడలేదు. 'ఎముక గట్టిపడి ఫోటోల కనవడేదాక' అని చెప్పేదాన్ని, ఎక్స్‌రే చేతికిచ్చి చూపించేదాన్ని. వినేవాళ్లకు విసుగొచ్చేది, అయినా మానలేదు. ఆ సేఠ్ మీది కోపానికి మాత్రం నాకు ఇప్పటికీ ఆరాం కాలేదు.