కుర్చీకి చెప్పిన జవాబు

శ్రావణమాసం రెండో మంగళవారం ఉదయం పదీ ఇరవైకి, మా ఊరి డాక్టరు గారి క్లినిక్ తనిఖీకి బందరు నుంచి ఒక అధికారి వచ్చారు. మా ఆయన ఎడమ కాలి పుండుకి అక్కడ కట్టు కట్టించడం ఆ రోజుకి పద్నాలుగోసారి. షుగరు మనిషి. రోజు విడిచి రోజు తీసుకువెళ్లేదాన్ని. దివిసీమలో మా ఊరి నుంచి బందరు ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. ఆ కాలితో ఎక్కలేరు.

పద్నాలుగుసార్లూ చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాశాను. కట్టు విప్పే కత్తెర, పట్టకారు అందరికీ అవే. వాటిని నీళ్లలో మరిగించడం మూడుసార్లు చూశాను. మిగతా పదకొండుసార్లు కాంపౌండరు దూదితో తుడిచి ఊరుకున్నాడు. చేతులు కడుక్కునే చోట తొమ్మిదిసార్లు సబ్బు లేదు. డాక్టరు గారికి హస్తవాసి ఉందని పేరు. చెబితే "చూస్తానమ్మా" అనేవారు. చూడలేదు.

అందుకే ఆ అధికారి కోసం కాచుకుని ఉన్నాను. ఆయన వరుసలో ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చారు. నా వంతుకి నేను సంచిలో పుస్తకం వెతుకుతున్నాను. ఇక్కడ వైద్యం ఎలా ఉందమ్మా అని ఆయన అడగడమూ, కాంపౌండరు కుర్చీ లాగి కూర్చోండి పిన్నిగారూ అనడమూ ఒక్కసారే జరిగాయి.

"పర్లేదండీ" అన్నాను, కుర్చీకి.

కళ్లజోడు పెట్టుకుని తలెత్తేసరికి ఆయన పక్కావిడ దగ్గరున్నారు. నేనింకా చెప్పలేదండీ అన్నాను.

"చెప్పారు కదమ్మా. పర్లేదని రాసుకున్నాను."

అది కుర్చీ సంగతని చెప్పబోతే కాంపౌండరు అందుకున్నాడు. "పిన్నిగారు పర్లేదన్నారంటే మాటలా అండీ? ఆవిడ గుళ్లో పులిహోరకే వంక పెడతారు."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా. పుస్తకం చాపితే, తన కాగితంలో దానికి గడి లేదన్నారు అధికారి.

వారానికి ఆ కాగితం గోడకెక్కింది. శుభ్రత సంతృప్తికరం అని కాంపౌండరు నాకు పైకి చదివి వినిపించాడు, నాకు చదువు రానట్టు. పట్టకారు మరిగించమంటే, తనిఖీ అయిపోయింది కదా అన్నాడు.

పంతొమ్మిదో కట్టు విప్పినప్పుడు వేళ్లు నల్లబడి ఉన్నాయి. ఆటో మాట్లాడుకుని బందరు తీసుకువెళ్లాను. అక్కడి సర్జను నా పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివారు.

"ఇది అప్పుడే ఎవరికైనా చూపించాల్సిందమ్మా" అన్నారు.

ఆ పట్టకారు వల్లేనని నేను రుజువు చేయలేను. షుగరు కాలు దానంతటదే కూడా చెడుతుంది. పోయినవి మాత్రం ఇవి: ఎడమ కాలి చిటికెన వేలు, దాని పక్క వేలు, ఆసుపత్రిలో పదహారు రోజులు, ఇరవై రెండేళ్లుగా ఆయన మానకుండా నడిచిన కాలవగట్టు నడక.