ఉస్తాద్ చేతికిచ్చిన తాడు

నాకు కసరత్తు నేర్పే మా ఉస్తాద్ పోయిండు. మొన్న శుక్రవారం పొద్దుగాల పాలు పోసే ఆమె చెప్పింది, నిద్రల్నే పానం పోయిందని. గడప మీద కూలబడ్డ. పెద్దమనిషి పోయిండన్న దుఃఖం కంటె ముందు నాకొచ్చిన ఆలోచన ఒక్కటే: ఇగ మా ఆయనను నేనెట్ల లేపుత? సిగ్గిడిచి చెప్తున్న మీకు, ముందుగాల నా గురించే ఏడ్చిన.

మా ఆయన తాండూరుల నాపరాళ్ల పాలిషింగ్ కాడ పనిచేసేటోడు. ఆయన మీద బండ పడి నడుము కింద సచ్చుబడ్డది. ఏడు నెలల సంది మంచమే. పక్కింటి మగోళ్లొచ్చి చక్రాల కుర్చీల కూసోబెడితే కూసునుడు, లేకుంటే లేదు. వాళ్లు మాత్రం ఎన్నొద్దులొస్తరు? వీపుకు పుండు లేచింది. గిట్ల కదలకుండ పండితే మానదని వికారాబాద్ డాక్టరమ్మ చెప్పింది. నా మోకాళ్లు చూసి, "నువ్వు ఉరుకొద్దు, మెట్లెక్కొద్దు" అని గూడ చెప్పింది. మోకాళ్లు అరిగినయి, చేతులల్ల సత్తువ లేదు. ఎవరికి చెప్పుకోవాలె?

మా గల్లీ చివర రేకుల షెడ్డుల ఉస్తాద్ జిమ్ము. పోయి, "నాకు సన్నబడుడు కాదు ఉస్తాద్, మా ఆయనను లేపే బలం కావాలె" అన్న. ఆయన నవ్వలే. మణికట్టంత లావు తాడును ఇనుప గుంజకు చుట్టి, రెండు కొసలు నా చేతికిచ్చిండు. పిల్లలు దాన్ని బ్యాటిల్ రోప్ అంటరు. మోకాళ్లు జరంత వంచి నిలబడి, రెండు చేతులతోని తాడుల అలలు లేపాలె. కాళ్లకు దెబ్బ తగలదు, గుండె మాత్రం దడదడ కొట్టుకుంటది. ఇరవై లెక్కపెట్టేదాక ఊపుడు, నలభై దాక ఆగుడు.

ఆడోళ్లు వచ్చే యాళ్లకు మగపిల్లలను బయటికి పంపి, తాను రోడ్డు దిక్కు మొకం పెట్టి కూసునేటోడు. తాడు సప్పుడు వినే చెప్పేటోడు, "ఎడమ చెయ్యి దొంగపని చేస్తున్నది బిడ్డా" అని. ఊపిరి బిగబడితే ఊకునేటోడు కాదు. "బిగబట్టిన ఊపిరి బరువే గాని బలం కాదు. ఇడువు."

ఒకనాడు ఇంటికొచ్చి మా మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, కుర్చీ ఎత్తుకు సమానం చేసిండు. "ఇంకో నెల. అప్పటిదాక ఒక్కదానివే లేపకు" అన్నడు. ఆ నెల నిండకముందే పోయిండు.

మధ్యాహ్నం జుమ్మా నమాజ్ అయినంక జనాజా, గదే పాడె, తీస్తరన్నరు. గల్లీల మగోళ్లందరు ఆ ఇంటికాడనే ఉన్నరు. మా ఆయన "నన్ను తీస్కపో" అన్నడు.

చంకల కింద చేతులు పెట్టి గుంజిన. లేవలే. ఇద్దరం మంచం మీదనే పడ్డం. నాతోని కాదని బోరుమని ఏడ్చిన. నడిమధ్యల ఇడిచిపెట్టి పోయినవని ఉస్తాద్‌ను తిట్టిన గూడ. మా ఆయన నా చెంప తుడిచి, "ఊపిరి బిగబట్టినవ్. మీ ఉస్తాద్ ఉంటే తిడ్తుండె" అన్నడు.

మల్ల పట్టిన. ఊపిరి ఇడిసిన. పట్టు ఇడువలే. ఆయన కుర్చీల కూసున్నడు.

మేం గల్లీ మూల మీదికి పోయేసరికి జనాజా వస్తున్నది. మగోళ్లు భుజాలు మార్చుకుంట నడుస్తున్నరు. మా ఆయన గూడ భుజమిస్తనని చెయ్యి చాపిండు. కుర్చీల కూసున్న మనిషికి ఎట్లందుతది? ముందు మోస్తున్న ఉస్తాద్ పెద్దకొడుకు చూసి ఆగిండు. తోటోళ్లకు సైగ చేసిండు. మోసేటోళ్లందరు మోకాళ్లు వంచి, జనాజాను మా ఆయన భుజానికి అందేదాక కిందికి దించిండ్రు.